మూడో మెట్టు మీది పుడ్డింగ్

నాలుగో గిన్నె కూడా చేదుగానే తేలింది. వెర్డీన్ చెంచా కొసన అంటిన కాస్తంత నాలుకకు రాసుకుని, ముఖం చిట్లించి, గిన్నెడు పుడ్డింగూ సింకులోకి వంపేసింది. పక్క గదిలో వాలుకుర్చీలో ఉన్న మొగుడు నీనో కుళాయి చప్పుడు విని, నాకు చుక్కయినా పెట్టకుండా పారబోశావా అని నిట్టూర్చాడు. గుండె కోసి కుట్టించుకున్న మనిషికి తీపి మీద ధ్యాస మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

అసలీ తంటా అంతా ఆ గుండె తెచ్చిందే. నవంబరులో నీనో నిచ్చెన మీంచి దిగుతూ దిగుతూ కూలబడితే, ఆసుపత్రిలో ఆరు గంటలు కత్తి కింద పెట్టారు. ఆ ఆరు గంటలూ వరండాలో బిగుసుకుని కూర్చున్న వెర్డీన్, ఆరో గంటలో జోజప్పకు మొక్కుకుంది. యేసును సాకిన వడ్రంగి జోజప్ప. అత్తింటి వాళ్ల తాతలు సిసిలీలో ఓడెక్కి న్యూ ఆర్లీన్స్‌లో దిగిన నాటి నుంచి ఆ ఇంటికి ఆయనే దిక్కు. ఏటా మార్చి పందొమ్మిదిన ఆయన పేర మూడు మెట్ల పీఠం కట్టి, ఇంట్లో వండినదంతా దాని మీద పేర్చి, వచ్చిన వాళ్లకు లేదనకుండా పెడతారు. ఈయన తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికొస్తే, నా చేతులతో చేసిన తీపి నీ పాదాల కింద మూడో మెట్టు మీద పెడతాను స్వామీ అని మొక్కింది వెర్డీన్. నీనో నడిచే ఇంటికొచ్చాడు. జోజప్ప తన వంతు తాను చేసేశాడు. ఇక పండగ ఆరు రోజుల్లోకి వచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. మొక్కుకున్నది కోడలు, మెట్టు అత్తది.

అత్తగారు నున్జియా కుసిమానో, ఊరి మర్యాదన కోడలికి కూడా మిస్ నున్జియానే, యాభై నాలుగేళ్లుగా తన ముందు గదిలో పీఠం కడుతోంది. ఎనభై ఆరేళ్ల మనిషి; నడుం వంగింది గానీ మాట వంగలేదు. కింది మెట్టు మీద రొట్టెలు, అంజీరు బిళ్లలు. రెండో మెట్టు మీద కూరలు, చేపలు. మూడో మెట్టు మీద, స్వామి పాదాల దగ్గర, ఒకే ఒక్క పళ్లెం. అందులో ఆవిడ తన అత్తగారి దగ్గర నేర్చుకున్న తెల్ల పుడ్డింగ్. బాదంపాలు చిక్కబెట్టి, అచ్చులో పోసి, బోర్లించిన ముద్ద. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో వెర్డీన్ ఆ వంటింట్లో బస్తాలకొద్దీ కూరగాయలు తరిగింది, గుట్టలకొద్దీ పళ్లేలు తోమింది. ఆమె చేత్తో చేసిన వంటకం మాత్రం ఏ మెట్టూ ఎక్కలేదు. వద్దని ఎవరూ అనలేదు. పెట్టమనీ ఎవరూ అనలేదు.

అత్తగారి బాదం పుడ్డింగే చేసి పెట్టేస్తే పీడా పోయేది. కానీ వెర్డీన్‌ది పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నా చేతులతో అని మొక్కినప్పుడు నాదే పెట్టాలి అంది. ఆమె పుట్టింటి వాళ్లు ఊళ్లోని సెవెన్త్ వార్డు పేటకు చెందిన క్రియోళ్లు, నల్లవాళ్ల రక్తమూ ఫ్రెంచి రక్తమూ కలిసిన మెటోయే వారు. తల్లి ఒనొరీన్ అక్రోటును పోలిన పెకాన్ పప్పును పంచదార పాకంలో కలిపి ప్రలీన్ బిళ్లలు పోసి, బుట్టలో పెట్టుకుని అమ్మి, నలుగురు పిల్లల్ని చదివించింది. బాదం బదులు పెకాన్, పంచదారలో కాస్త చెరకు పాకం, పైన పొడి చేసిన ప్రలీన్. మనసులో పుడ్డింగ్ ఎప్పుడో తయారైంది. గిన్నెలోకి మాత్రం రానంటోంది.

చేదు ఎక్కడిదా అని ఆ సాయంత్రం పప్పు ఒక్కొక్కటే నమిలి చూసింది. పైనున్న సన్న పొర దగ్గర దొరికింది దొంగ. ప్రలీన్‌లో పంచదార దిట్టంగా పడుతుంది గనక ఆ పొర చేదు ఎవరికీ తెలియదు. పుడ్డింగ్ అలాంటిది కాదు, దేన్నీ దాచదు. మర్నాడు పప్పును మరిగే నీళ్లలో వేసి రెండు నిమిషాలుంచింది. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. పారబోసి మళ్లీ మరిగించింది. రెండోసారి నీళ్లు తేటగా దిగాక, పప్పును గుడ్డలో వేసి రుద్ది, సన్నసెగన వేయించి, మెత్తగా రుబ్బి, బట్టలో పిండింది. ఆ పాలను ఆవుపాలతో కలిపి, కార్న్‌ఫ్లోర్ జారుగా కలిపి పోసి, నిమ్మతొక్క ఒక ముక్క వేసి, ఒకే వైపుకు తిప్పుతూ నిలబడింది. హోటళ్లలో వంటవాళ్లు మీగడలో జెలటిన్ వేసి ఇట్టే గట్టిపరుస్తారు. ఈస్టరు ముందు మాంసం ముట్టని తపస్సు కాలంలో ఎముకలు మరిగించి తీసిన సరుకు నున్జియా గుమ్మం తొక్కదు. కనుక గరిటే దిక్కు. భుజం లాగేదాకా తిప్పింది.

పొద్దున అచ్చు బోర్లిస్తే పుడ్డింగ్ ఒక్క వణుకు వణికి నిలబడింది. నీనోకి చెంచాడు పెట్టింది. అతను నమిలేందుకేమీ లేకపోయినా నోరు చాలాసేపు కదిపాడు. తర్వాత గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, మా అమ్మకు చెప్పకు గానీ ఇదే బాగుంది అన్నాడు. వెర్డీన్‌కు పట్టరాని సంతోషమైంది. పట్టి ఉంచింది, అది వేరే సంగతి.

పళ్లెం మీద మూత పెట్టి, ఎస్ప్లనేడ్ వీధి దాటి అత్తగారింటికి నడిచింది. అక్కడ వంటింటి బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు అంజీరు బిళ్లలు చుడుతున్నారు. నడి కుర్చీలో నున్జియా. ఆవిడ కుడిపక్క నీనో అక్క పీనా. వెర్డీన్ పళ్లెం బల్ల మీద పెట్టి, తన మొక్కు సంగతి, మూడో మెట్టు సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. అందరి చేతులూ ఆగాయి.

ముందుగా పీనా మూత ఎత్తి చూసింది.

"మూడో మెట్టు ఎక్కేదాన్ని తెల్ల పుడ్డింగ్ అంటారమ్మా వెర్డీన్. తెలుపు పేరులోనే ఉంది. నువ్వు తెచ్చింది చూడబోతే మా పెరటి గోడ రంగులో ఉంది."

"జోజప్ప ఎండలో చెక్క చెక్కుకుని బతికిన మనిషి పీనా. ఆయన మాత్రం మీ మైదాపిండి రంగులో ఉండుంటాడా?"

ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు. నున్జియా నవ్వలేదు. చెంచా తెమ్మని, అంచు నుంచి కాస్త తీసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. రెండో చెంచా తీసుకుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ కోడలి వంట రెండో చెంచా తినడం వెర్డీన్ చూడలేదు. 

"బాగుంది," అంది నున్జియా. "ఎవరి గుమ్మం తొక్కావు?"

వెర్డీన్‌కు అర్థం కాలేదు.

"పప్పు ఎవరిచ్చారు? పాలు ఎవరింటివి?"

"ఎవరూ ఇవ్వలేదు మిస్ నున్జియా. అన్నీ నేనే కొన్నాను. బజార్లో ఉన్నవాటిలో మేలురకం ఏరి మరీ కొన్నాను."

"అయితే ఇది పీఠం ఎక్కదు. కొన్నది నీది. అడిగి తెచ్చింది ఆయనది."

వెర్డీన్ ముఖం మాడిపోయింది. ఆచారం ఆమెకు తెలియనిది కాదు. పండగ ముందు నున్జియా నల్ల బట్టలు కట్టుకుని, బుట్ట పట్టుకుని, జోజప్ప పేర ఇంటింటికీ వెళ్లి అడగడం ఏటా చూస్తూనే ఉంది. ఇంట్లో పీపాల నిండా నూనె ఉన్నా సరే, పీఠం మీదికి వెళ్లే నూనె పక్కింటి నుంచి రావాల్సిందే. అది ముసలమ్మల ముచ్చట అనుకుంది వెర్డీన్. ఏటా సరిగ్గా ఆ రోజుకే ఆమెకు తలనొప్పి వచ్చేది. స్వామికి పెట్టేది మేలైనదైతే చాలు, తన డబ్బుతో తెస్తే ఇంకా గొప్ప అనుకుంది. మెటోయే వారి ఇంట్లో పుట్టిన వాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

"నేను ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగను," అంది.

"తెలుసు," అంది నున్జియా. "ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను."

వెర్డీన్ పళ్లెం అక్కడే వదిలేసి బయటికి నడిచింది. గేటు వేస్తూ కిటికీలోంచి చూస్తే, పెరటి గోడ రంగన్న పీనాయే పళ్లెం అడుగు గీకి గీకి తింటోంది. మరో రోజైతే నవ్వొచ్చేదే.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నీనో ముందు నిలబడి కడిగేసింది. మీ అమ్మకు నా వంట పెట్టడం ఇష్టం లేదు, అందుకని మెలిక పెట్టింది అంది. మా అమ్మ కాళ్లు అరిగేలా ఊరంతా తిరిగి ప్రలీన్‌లు అమ్మింది గానీ ఒక్క గుమ్మం దగ్గర ఊరికే చెయ్యి చాచలేదంది. తుఫాను ఏట ఊరు ఊరంతా మునిగినప్పుడు కూడా వెర్డీన్ అన్నం లైన్లో నిలబడలేదు. లైన్లో వాళ్లకు వడ్డించే పని అడిగి చేసింది గానీ తను మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న బిస్కెట్లు నమిలింది. ఆ సంగతి ఆమె గొప్పగా చెప్పుకునేది. నీనో విన్నాడు, ఎప్పటిలాగే. చివరికి, పోనీ నేను బుట్ట పట్టుకుని వెళ్తాను, నాకేం నామోషీ లేదు అన్నాడు.

"మొక్కింది నేను. నువ్వెళ్తే ఎలా?"

"మరి మొక్కినప్పుడు ఏం చేశావు వెర్డీ? ఆ వరండాలో కూర్చుని నన్ను ఇమ్మని అడగలేదూ? డబ్బిచ్చి కొన్నావా నన్ను?"

వెర్డీన్ వంటింట్లోకి వెళ్లి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఆసుపత్రి వరండాలో తను ఎలా అడిగిందో ఆమెకు బాగా గుర్తే. వంగి, మోకాళ్ల మీద తల పెట్టి, పెదాలు ఎండిపోయేదాకా అడిగింది. అప్పుడు మెటోయే వారి పౌరుషం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. ఆయన ఇచ్చాడు. ఇప్పుడాయన పేర ఇంకొకరిని అడగడానికి నోరు రాదంటే, ఆనాడు వరండాలో అడిగినది అడగడమే కాదు. అడుసు తొక్కాక కాలు తడిసిందని ఏడిస్తే ఏం లాభం అనుకుంది. మర్నాడు పొద్దున్నే గోడకు వేలాడుతున్న బుట్ట దింపి దుమ్ము దులిపింది.

మొదటి గుమ్మం మూడిళ్ల అవతలి ఒక్టావ్ బార్తేది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆయన పెరట్లో పెకాన్ చెట్టుంది. ఏటా శీతాకాలం మొదట్లో వెర్డీన్ ఆయన దగ్గర కాయలు తీసుకునేది, ఆయన వద్దంటున్నా డబ్బు పూలకుండీ కింద పెట్టి గబగబా వచ్చేసేది. ఆ గేటు ముందు నుంచి ముందుకూ వెనక్కూ మూడుసార్లు నడిచింది. నాలుగోసారి ముసలాయనే తలుపు తీసి, ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. వెర్డీన్ ఎదురుగా నిలబడి, బుట్ట ముందుకు పెట్టి, జోజప్ప పేర అడుగుతున్నాను, ఏముంటే అది ఇవ్వండి అని గడగడా అనేసింది.

"మళ్లీ చెప్పు," అన్నాడు ఒక్టావ్.

"మీకు వినపడింది ఒక్టావ్ గారూ."

"వినపడిందిలే. ఒనొరీన్ కూతురు నా గుమ్మంలో నిలబడి అడగడం ఒక్కసారి వింటే ఎలా సరిపోతుంది?"

వెర్డీన్ పళ్లు బిగించి మళ్లీ చెప్పింది. ముసలాయన ఫ్రీజర్‌లోంచి ఒలిచిన పెకాన్ పప్పు సంచీ తెచ్చి బుట్టలో పెట్టాడు. పెడుతూ, ఇన్నేళ్లూ నీ డబ్బు తీసుకున్నందుకు సిగ్గుగా ఉండేది, ఇవాళ కాస్త మనిషిలా అనిపిస్తోంది అన్నాడు. అది వెర్డీన్ ఎన్నడూ ఆలోచించని సంగతి. తీసుకోకపోవడం కూడా ఒకరిని నొప్పిస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అక్కడితో తేలికైపోయిందని కాదు. రెండో ఇంట్లో ఓ పడుచు, ఆమె పూర్తిగా నోరు తెరవకముందే చిల్లర లేదని తలుపు ముఖం మీదే వేసింది. వెర్డీన్ చెవులు భగ్గున మండాయి. మెట్ల మీద ఓ క్షణం నిలబడి, ఇంటికి పోదామా అనుకుని, మూడో గుమ్మానికి నడిచింది. ఆ ఇంటి మిస్ ఓజెలియా గడ్డకట్టిన పంచదార డబ్బా ఇచ్చి, దానికి తోడు అరగంట తన మోకాళ్ల కథ చెప్పింది. ఇచ్చింది వద్దనకూడదు, ఇంత కావాలని చెప్పకూడదు; కనుక కథ కూడా తీసుకుంది. కుర్రకారు ఉండే ఒకింట్లో ఉప్పు వేసిన వేరుశనగలు సగం పొట్లం ఇచ్చారు. పెకాన్ పుడ్డింగ్‌లోకి ఉప్పు శనగలేమిటి స్వామీ అని గొణుక్కుని, ఇంటికెళ్లి కడిగి ఆరబెట్టింది. మూడు రోజులు తిరిగింది. కార్న్‌ఫ్లోర్ అప్పుడే కొత్త ప్యాకెట్ విప్పిన ఒకావిడ ఇచ్చింది, నిమ్మకాయ ఒకాయన గోడ మీంచి అందించాడు, చెరకు పాకం సీసా అడుగున అంగుళం మిగిలి ఉంటే ఒక ముసలామె నీళ్లు పోసి కడిగి మరీ ఇచ్చింది. రెండో రోజుకు మాట గొంతులో అడ్డుపడడం మానింది. మూడో రోజుకు తలుపు కొట్టాక నేల చూడడం కూడా మానింది.

పండగ ముందు రోజు మధ్యాహ్నానికి పాలు తప్ప అన్నీ అమిరాయి. పాలే కుదరలేదు. ఒకరింట్లో పిండిపాలు, ఒకరింట్లో ఓట్స్ పాలు, ఒకరు కాఫీ పాలు లేకుండా తాగే బాపతు. పండగ చేసుకునే ఇళ్లలో పాలన్నీ రొట్టెల్లోకి వెళ్లిపోయాయి. వీధి మూల కొట్లో అద్దం వెనక సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. పర్సు సంచీలోనే ఉంది. వెర్డీన్ కొట్టు ముందు ఆగింది. ఒక్క సీసా కొంటే ఎవరికి తెలుస్తుంది? కొన్న పాలకూ అడిగిన పాలకూ తేడా అత్తగారు నాలుక పెట్టి చెప్పగలదా? చెప్పలేదు. కానీ మూడు రోజులు ఇరవై గుమ్మాల్లో నిలబడింది అత్తగారి నాలుక కోసం కాదు. ఊళ్లో ఇంకా తను కొట్టని తలుపు ఒకటి ఉంది. అది ఎక్కడుందో మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు. తెలిసే చుట్టూ తిరిగింది. కొట్టు వైపు వీపు పెట్టి ఎస్ప్లనేడ్ వైపు అడుగులేసింది.

ఎప్పుడూ వెర్డీన్ ఆ ఇంటికి పెరటి తలుపు గుండా వంటింట్లోకి వెళ్తుంది. ఇవాళ ముందు తలుపు కొట్టింది. పీనా, మిగతా ఆడవాళ్లు రొట్టెలు పట్టుకుని చర్చికి వెళ్లినట్టున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నున్జియాయే కర్ర ఊనుకుంటూ వచ్చి తలుపు తీసింది. కోడలినీ బుట్టనూ చూసింది.

"జోజప్ప పేర అడుగుతున్నాను మిస్ నున్జియా," అంది వెర్డీన్. "ఏముంటే అది ఇవ్వండి."

"బుట్ట కాదు. చెయ్యి చాచి అడుగు."

ఇరవై గుమ్మాల్లో ఎవరూ అడగని సుంకం ఇది. వెర్డీన్‌కు కోపం నెత్తికెక్కింది. వెనుదిరగడానికి ఎంతోసేపు పట్టదు. ముప్పై ఒక్క ఏళ్లుగా తిరుగుతూనే ఉంది గనక కాళ్లకు దారి తెలుసు. బుట్ట నేల మీద పెట్టి రెండు చేతులూ చాచింది. ఒనొరీన్ పోలికే ఆ చేతులు, పాకం చిట్లి పడిన మచ్చలతో సహా. ముసలావిడ వాటి వంక చాలాసేపు చూసి లోపలికెళ్లింది. పాలసీసా తెచ్చి, కర్ర గోడకు ఆనించి, రెండు చేతులతో ఆ చేతుల్లో పెట్టింది. పెట్టి, తన చేతులు మాత్రం తీయలేదు.

"పెళ్లయి ఈ ఇంటికొచ్చిన రోజు నువ్వు నీ దుప్పటి, నీ తువ్వాలు, ఆఖరికి నీ కాఫీ గిన్నె కూడా తెచ్చుకున్నావు," అంది. "నా ఇంట్లోది ఏదీ నీకు పనికిరాదేమో అనుకున్నాను."

"మీరు ఇవ్వరనుకున్నాను."

"అడిగావా? అడగందే అమ్మయినా పెట్టదు. ఇక అత్తేం పెడుతుంది?"

 సీసా ఇద్దరి చేతుల మధ్యా చల్లగా చెమర్చింది.  తర్వాతి మాట నున్జియాకు కష్టమైందని ముఖంలోనే కనపడింది.

"నీ పెళ్లిలో నీ రంగు చూసి నేను మూతి ముడుచుకున్న మాట నిజం. పాపమని ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను. నీ దగ్గర ఒప్పుకోలేదు. ఆయన దగ్గర తేలిక కదా, మధ్యలో పరదా ఉంటుంది."

ఈ మాట కోసం తను ఇన్నేళ్లు ఎదురు చూసిందని వెర్డీన్‌కు అప్పుడే తెలిసింది. వింటే కోపం పోతుందనుకుంది, పూర్తిగా పోలేదు. కానీ మనసులో బిగుసుకుని ఉన్నదేదో కాస్త జాగా ఇచ్చింది. పెళ్లి ఫొటోలో మీ మూతి ఇప్పటికీ అలాగే ఉంది అంది. తెలుసు, అందుకే ఆ ఫొటో బీరువాలో పెట్టానంది నున్జియా.

తర్వాత ముసలావిడ చేతులు వెనక్కి తీసుకుని గాల్లో పెట్టి చూపించింది. అవి గాలికి ఆకుల్లా వణుకుతున్నాయి. పోయినేడు తెల్ల పుడ్డింగ్ ఉండలు కట్టిందట. పిండి మంచిది కాదని బయటికి చెప్పింది. పిండి కాదు, గరిటె తిప్పడం చేతకాలేదు. పీనాకు చెబితే ప్యాకెట్ పొడి తెచ్చి కలిపేస్తుందని చెప్పలేదు. పొయ్యి మీద పాలు పెట్టి గంట నుంచి వెలిగించకుండా కూర్చుందట. ఇదంతా గోడతో చెబుతున్నట్టు చెప్పి, నువ్వు తిప్పగలవా అంది.

"అలా కాదు," అంది వెర్డీన్. "సరిగ్గా అడగండి."

నున్జియా కళ్లు ఎర్రజేసింది. ఆ చూపుకు పీనా ఇప్పటికీ హడలిపోతుంది. వెర్డీన్ కదల్లేదు. ముసలావిడ వణికే రెండు చేతులూ ముందుకు చాచి, జోజప్ప పేర అడుగుతున్నానంది. వెర్డీన్ సీసా బుట్టలో పెట్టి ఆ చేతులు పట్టుకుంది. పట్టుకున్నంతసేపు వణకలేదు.

ఆ సాయంత్రం ఒక పొయ్యి మీద బాదంపాలు, ఇంకో పొయ్యి మీద పెకాన్‌పాలు. రెండు గరిటెలూ వెర్డీన్ చేతుల్లోనే ఉన్నాయి. నున్జియా స్టూలు మీద కూర్చుని, నెమ్మది, కుడికి, అడుగంటుతోంది చూడు అని వంకలు పెట్టడం ఒక్క నిమిషం కూడా మానలేదు. వేరుశనగలు ఎందుకని అడిగింది. ఇచ్చారు గనక అంది వెర్డీన్. అయితే సరే అంది.

పండగ పొద్దున నీనో తెల్ల చొక్కా తొడుక్కుని పక్కన నిలబడ్డాడు. మూడో మెట్టు మీద రెండు పళ్లేలు పెట్టడానికి చోటు చాలకపోతే, పీనాయే కొవ్వొత్తులు పక్కకు జరిపింది. వెర్డీన్ తన పళ్లెం స్వామి పాదాల దగ్గర పెట్టి, మొక్కు తీరిందని చెప్పుకుంది. గదినిండా జనం. ఒక్టావ్ వచ్చాడు, మిస్ ఓజెలియా మోకాళ్లతో సహా వచ్చింది, చిల్లర లేదన్న పడుచు కూడా ఎవరో తీసుకొస్తే వచ్చింది. దీవించడానికి వచ్చిన ఫాదర్ కొత్తవాడు. ఏటా ఒక్క తెల్ల పళ్లెమే ఉంటుందని ముందే విని ఉన్నాడు కాబోలు, గోధుమరంగు పుడ్డింగ్ దగ్గర ఆగి, ఇది ఎవరిదండీ అని అడిగాడు.

వెర్డీన్ నోరు తెరిచేలోపే నున్జియా కర్ర నేల మీద తాటించింది. వీధిలో నిలబడ్డ వాళ్లకు కూడా వినపడేలా గట్టిగా చెప్పింది.

"మా ఇంటిది ఫాదర్. నా కోడలు ఇరవై గుమ్మాలు తొక్కి, అడుక్కొచ్చి చేసింది."

 సెవెన్త్ వార్డు వాళ్లంతా ఒనొరీన్ మెటోయే కూతురి వైపు తిరిగి చూశారు. వెర్డీన్ తల దించుకోలేదు.